ఎండిన ఉసిరిలో ఎంత మిగులుతుంది, అందులో ఒంటికి ఎంత అందుతుంది

చదివేవాళ్లందరికీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీకు ఉసిరి తోట ఉంది, పొలం గట్టున నేరేడు చెట్లు ఉన్నాయి. పోయినేడు చిన్న ట్రే డ్రయ్యర్ కొని ఉసిరి ముక్కలు, నేరేడు గుజ్జు ఎండబెట్టి పొడి చేసి అమ్ముతున్నారు. ఉసిరి పొడిని ల్యాబుకు పంపితే 100 గ్రాముల్లో విటమిన్ సి 500 మిల్లీగ్రాములు ఉందని రిపోర్టు వచ్చింది. తాజా ఉసిరికి పట్టికలో 252 అని ఉంది. అందుకని ప్యాకెట్ మీద "తాజా ఉసిరి కన్నా రెట్టింపు యాంటీ ఆక్సిడెంట్లు" అని వేసుకోవచ్చా అన్నది మొదటి ప్రశ్న. మీ నాన్నగారు షుగరుకని రోజూ నేరేడు పొడి తాగుతున్నారు, కడుపులోకి వెళ్లాక అందులోని మంచి నిలుస్తుందా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను: ఆ మాట వేయొద్దమ్మా. మీ పొడిలో తప్పేం లేదు, ఆ లెక్కలోనే తప్పుంది. పండ్లు ఎండబెట్టే యూనిట్లలోనూ, ఎండినవాటిని పరీక్షించే ల్యాబుల్లోనూ కలిపి ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ ఒక్క లెక్క దగ్గర పొరబడినంతగా జనం ఇంకెక్కడా పొరబడటం నేను చూడలేదు.

కాగితం మీద చేసి చూద్దాం. తాజా ఉసిరి గుజ్జు 100 గ్రాములు తీసుకుంటే అందులో సుమారు 86 గ్రాములు నీళ్లే. అసలు సరుకు 14 గ్రాములు. దాన్ని తేమ 10 శాతానికి వచ్చేదాకా ఎండబెడితే మిగిలేది 15.6 గ్రాముల ముక్కలు. అంటే మీ 100 గ్రాముల పొడి వెనక దాదాపు 640 గ్రాముల తాజా గుజ్జు ఉంది. ఆ 640 గ్రాముల్లో మొదట ఉన్న విటమిన్ సి ఎంత? 252 లెక్కన చూస్తే 1,600 మిల్లీగ్రాములకు పైనే. అదంతా నిలిచి ఉంటే మీ రిపోర్టులో 1,600 రావాలి. వచ్చింది 500. మూడు వంతుల్లో రెండు వంతులు పైగా ఎండే దారిలో పోయింది, నీళ్లు అంతకన్నా ఎక్కువ పోయాయి కాబట్టి అంకె పెరిగినట్టు కనిపిస్తోంది.

ఇంకో వైపు నుంచి చూడండి. పొడి ఎవరూ 100 గ్రాములు తినరు. ఒక చెంచా, అంటే 3 గ్రాములు, నీళ్లలో కలుపుకుంటారు. అందులో 15 మిల్లీగ్రాములు ఉంటుంది. ఓ మాదిరి ఉసిరికాయ కొరికి తింటే గింజ పోగా 35 గ్రాముల గుజ్జు, అందులో 80 మిల్లీగ్రాములకు పైనే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. ఒక్క కాయతో ఆ రోజు అవసరం తీరిపోతుంది. మీ చెంచాడు పొడి అందులో సుమారు ఐదో వంతు ఇస్తుంది. కాయ దొరకని వేసవిలో ఆ ఐదో వంతు కూడా చిన్నది కాదు, నిజాయితీగా చెప్పుకోదగ్గదే. కానీ "రెట్టింపు" కాదు.

ఈ 252 అన్న అంకె గురించి ఒక మాట. అది ఆ సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలోది. అంతకు ముందు పాత పట్టికల్లో ఉసిరికి 600 అని ఉండేది, చాలామంది ఇప్పటికీ అదే చెబుతారు. రకాన్ని బట్టి, కోసిన సమయాన్ని బట్టి కాయ మారుతుంది. కొలిచే పద్ధతి వల్ల కూడా మారుతుంది. ల్యాబుల్లో చవగ్గా, త్వరగా అయ్యే పద్ధతి ఒకటుంది: నీలం రంగు రసాయనాన్ని చుక్కలు చుక్కలుగా వదిలి, నమూనా ఆ రంగును ఎంతవరకు పోగొడుతుందో చూస్తారు. ఇబ్బంది ఏమిటంటే రంగు పోగొట్టే గుణం విటమిన్ సి ఒక్కదానికే లేదు. ఉసిరిలో దండిగా ఉండే టానిన్ల జాతి పదార్థాలు కూడా కొంత ఆ లెక్కలో కలిసిపోవచ్చు. ఉసిరి లాంటి వగరు కాయకు, కలిసి ఉన్న పదార్థాలను యంత్రంలో విడదీసి ఒక్కోదాన్నీ విడిగా కొలిచే హెచ్.పీ.ఎల్.సీ. పద్ధతిలో చేయించిన అంకెనే నమ్మాలి. మీ రిపోర్టులో ఏ పద్ధతో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి.

ఇక అసలు విషయానికి వస్తాను. "యాంటీ ఆక్సిడెంట్" అనేది ఒక పదార్థం పేరు కాదు, ఒక గుణం పేరు. ఆక్సిజన్ దెబ్బను తాను కాసి పక్కవాటిని కాపాడే గుణం. ఆ గుణం ఉన్నవి పండులో పదుల రకాలు ఉంటాయి. విటమిన్ సి ఉంది, వగరునిచ్చే టానిన్లు ఉన్నాయి, నేరేడుకీ నల్ల ద్రాక్షకీ ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు ఉన్నాయి, మామిడికీ బొప్పాయికీ పసుపు, నారింజ రంగునిచ్చే కెరోటినాయిడ్లు ఉన్నాయి. ఎండలో ఒక్కోటి ఒక్కో రకంగా పోతుంది. కడుపులో ఒక్కోటి ఒక్కో చోట బయటపడుతుంది. అందుకే "ఎండబెడితే యాంటీ ఆక్సిడెంట్లు పోతాయా, పెరుగుతాయా" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాదు. ఏ పదార్థం, ఏ బరువు మీద లెక్క, పేగులో ఎక్కడిదాకా నిలుస్తుంది అని మూడూ అడిగితే తప్ప చిక్కు విడదు.

విటమిన్ సి అన్నిట్లోకీ సున్నితమైనది. వేడి దాన్ని చంపుతుందని అందరికీ తెలుసు, కానీ వేడికంటే ముందే కత్తి మొదలుపెడుతుంది. కాయ కోయగానే కణాలు తెగుతాయి, లోపల వేరువేరు అరల్లో ఉన్న ఎంజైములు, రసం, గాలి మూడూ కలుస్తాయి. కోసిన యాపిల్, వంకాయ నల్లబడటం ఆ కలయిక వల్లే. ఉసిరికైతే ఇనప కత్తి ఇంకో ముప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను పనిచేసిన ఒక యూనిట్‌లో స్టీలు బ్లేడు విరిగితే, పని ఆగకూడదని మామూలు ఇనప బ్లేడుతో ఒక రోజంతా ముక్కలు కోయించాం. సాయంత్రానికి ట్రేలన్నీ సిరా పోసినట్టు నల్లగా తయారయ్యాయి. అది నిజంగా సిరాయే. టానిన్, ఇనుము కలిస్తే పూర్వం రాతకు వాడిన సిరా తయారవుతుంది. రంగు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు, కానీ ఇనుము, రాగి విటమిన్ సి ని ఆక్సిజన్‌కు అప్పజెప్పే పని కూడా చేస్తాయి. అప్పటినుంచి ఉసిరి దగ్గరికి స్టెయిన్‌లెస్ స్టీలు తప్ప ఇంకే లోహాన్నీ రానివ్వలేదు. తురిమే పీట, జల్లెడ, పొడి కొట్టే మిక్సీ బ్లేడు, అన్నీ.

ఇప్పుడు ఉష్ణోగ్రత. చాలామంది "ఎంత తక్కువ వేడిలో ఎండబెడితే అంత మంచిది" అనుకుంటారు. మీరు కూడా 40 డిగ్రీల్లో రెండు రోజులు ఎండబెడుతున్నామని రాశారు, మీ విటమిన్ సి అంతలా తగ్గడానికి అదే ముఖ్య కారణమని నా అనుమానం. 40 డిగ్రీల దగ్గర ఎంజైములు చావవు, చక్కగా పనిచేస్తాయి. ముక్క తడిగా, వెచ్చగా, గాలి తగిలేలా రెండు రోజులు కూర్చుంటే వాటికి కావలసినంత సమయం దొరుకుతుంది. డాబా మీద నాలుగైదు రోజులు ఎండలో ఆరబెట్టిన ఒరుగుల్లో జరిగేదీ అదే, పైగా అక్కడ ఎండ వెలుతురు కూడా తోడవుతుంది. 60 డిగ్రీల్లో కొన్ని గంటల్లో ముగిసిపోయే పని చాలాసార్లు మేలు.

ఎందుకంటే, మొదటి గంటల్లో డ్రయ్యర్‌లో గాలి 60 డిగ్రీలున్నా ముక్క 60కి చేరదు. నీరు ఆవిరయ్యేటప్పుడు ముక్కను చల్లబరుస్తూ ఉంటుంది, కొత్త కుండలో నీళ్లు చల్లబడినట్టే. తేమ బాగా తగ్గాకే ముక్క గాలి వేడిని అందుకుంటుంది. అందుకే మొదట రెండు మూడు గంటలు 60, 65 మధ్య నడిపి, ముక్క తోలులా వంగే దశకు రాగానే 50, 55 కి దించడం నా అలవాటు. మరీ 75, 80 పెట్టి మొదలుపెడితే పైన గట్టి పొర కట్టుకుని లోపల తేమ చిక్కుకుపోతుంది. అలాంటి ముక్క చేతికి ఎండినట్టే ఉంటుంది, డబ్బాలో నెల తిరిగేసరికి బూజు పడుతుంది.

కోయకముందే ఎంజైములను చంపడం అన్నిటికంటే పెద్ద మేలు. కాయను కాయగానే మరిగే నీళ్లలో వేసి, తొనలు విచ్చుకునేదాకా ఉంచి తీయండి. ముక్కలు కోశాక నీళ్లలో వేస్తే విటమిన్ సి నీళ్లలోకి దిగిపోతుంది. ఆవిరి పడితే ఇంకా మంచిది, కాయ నీళ్లలో నానదు కాబట్టి. ఆ కాసేపు వేడికి కొంత పోతుంది, నిజమే. కానీ తర్వాత గంటల తరబడి పోవలసినది ఆగుతుంది. పాకంలో నానబెట్టి చేసే ఉసిరి క్యాండీ గురించి కూడా అడిగారు. ముక్కలోకి చక్కెర వెళ్లినంతసేపూ ముక్కలోంచి నీళ్లతో పాటు విటమిన్ సి పాకంలోకి వస్తుంది. ఆ పాకాన్ని పారబోస్తే సగం ఉసిరిని పారబోసినట్టు. షర్బత్తుగా వాడుకోండి.

ఎంజైములను ఆపడం ఎంత ముఖ్యమో ఎండు ద్రాక్ష బాగా చూపిస్తుంది. మహారాష్ట్రలోని సాంగ్లీ, తాస్‌గావ్, కర్ణాటకలోని విజయపుర వైపు ద్రాక్ష గుత్తులను పొటాషియం కార్బొనేట్, నూనె జాతి ద్రావణం కలిపిన నీళ్లలో ముంచి, నీడలో అరల మీద రెండు వారాలో మూడు వారాలో ఆరబెడతారు. ఆ ద్రావణం తొక్క మీది మైనపు పొరను వదులు చేస్తుంది, నీరు త్వరగా పోతుంది. నాలుగు కిలోల ద్రాక్షకు ఒక కిలో కిస్‌మిస్. ఇక బంగారు రంగు కిస్‌మిస్‌కు గంధకం పొగ పడతారు. గోధుమ రంగుకు తిరిగేలా ఎండలో ఎండిన కిస్‌మిస్‌లోనూ, గంధకం పట్టిన దాంట్లోనూ పాలీఫినాల్స్, అంటే టానిన్లు, ఆంథోసయనిన్లు కూడా చేరే పెద్ద కుటుంబం, కొలిచి పోల్చిన పరిశోధనలు ఉన్నాయి. ద్రాక్షలో ఉండే కాఫ్టారిక్ ఆమ్లం లాంటివి ఎండలో ఎండినప్పుడు చాలావరకు పోతాయి, గంధకం పట్టినదాంట్లో ఎక్కువ నిలుస్తాయి. కోసిన కాయను నల్లబరిచే ఎంజైమును గంధకం అణచడమే కారణం. అలాగని గంధకం వాడమని మీకు చెప్పడం లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి అది పడదు, బి1 విటమిన్‌ను అది నాశనం చేస్తుంది, వాడితే లేబుల్ మీద రాయాలి. ఆవిరి పట్టి అదే పని కొంతవరకు చేసుకోగలిగినప్పుడు మీకు గంధకం అక్కర్లేదు.

ఫ్రీజ్ డ్రయ్యింగ్‌లో పండును గడ్డకట్టించి, శూన్యంలో మంచును నేరుగా ఆవిరిగా లాగేస్తారు. అన్నిట్లోకీ ఎక్కువ నిలబెట్టేది అదే, ఖర్చూ ఎక్కువే. కానీ అలా ఎండిన ముక్క స్పంజిలా బోలుగా ఉంటుంది, ప్యాకింగ్ బాగాలేకపోతే గాలి, తేమ లోపలికి చొరబడి మిగిల్చింది కాస్తా పోతుంది. ఏ పద్ధతిలో ఎండబెట్టినా ప్యాక్ చేశాక కూడా విటమిన్ సి పోతూనే ఉంటుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచుల్లో దుకాణం ముందు వేలాడే ఉసిరి ముక్కలు నెలనెలా రంగు మారుతుంటాయి, చూసే ఉంటారు.

ఉసిరి టానిన్ల కథ వేరు. అవి మొండివి. విటమిన్ సి మూడింట రెండొంతులు పోయిన ముక్కలో కూడా టానిన్లు బాగానే ఉంటాయి. దీన్ని పరీక్షించడానికి నోరు చాలు. ఎండు ఉసిరి ముక్క నోట్లో వేసుకోగానే వగరు తగిలి నాలుక బిగుసుకుపోతుంది చూశారా, ఉమ్మిలోని ప్రొటీన్లను టానిన్లు పట్టుకుని ముద్దలు కట్టించడం వల్ల వచ్చే అనుభూతి అది. ఎండిన ఏడాదికి కూడా వగరు తగ్గలేదంటే ఆ జాతి పదార్థాలు ఇంకా ఉన్నాయనే అర్థం. త్రిఫల చూర్ణం ఎన్నాళ్లున్నా వగరు పోకపోవడం ఇందుకే.

నోటి దగ్గరికి వచ్చాం కాబట్టి అరుగుదలలోకి వెళదాం. మీ రెండో ప్రశ్న అక్కడే ఉంది.

ల్యాబులో అరుగుదలను ఒక సీసాలో నడిపి చూస్తాం. యూరప్ శాస్త్రవేత్తలు ముందుండి 2014లో దీనికి ఇన్ఫోజెస్ట్ అనే ఉమ్మడి పద్ధతి పెట్టారు, 2019లో సవరించారు. 37 డిగ్రీల నీళ్ల తొట్టిలో సీసా ఊగుతూ ఉంటుంది. నోటి దశ రెండు నిమిషాలు. తర్వాత ఆమ్లం, కడుపులో ఊరే పెప్సిన్ అనే ఎంజైము వేసి, పీహెచ్ 3కి తెచ్చి కడుపు దశ రెండు గంటలు. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఆ తర్వాత పైత్య లవణాలు, క్లోమ గ్రంథి ఎంజైములు వేసి పీహెచ్ 7కి పెంచి చిన్నపేగు దశ ఇంకో రెండు గంటలు. చివర్లో ద్రవంలోకి ఎంత విడుదలైందో కొలుస్తాం. పేగు గోడ దగ్గర అందుబాటులో ఉండే వంతు అది. అది రక్తంలోకి వెళ్లినట్టు కాదు, వెళ్లడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఈ రెంటికీ తేడా మర్చిపోయి "ఇంత శాతం శరీరానికి అందుతుంది" అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

నేరేడు పొడిని ఆ సీసాలో మొదటిసారి నడిపిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కడుపు దశలో సీసా ముచ్చటైన ఎర్ర గులాబీ రంగులో ఉంది. పేగు దశకని సోడా ద్రావణం చుక్కలు వేస్తుంటే ఎరుపు కాస్తా ఊదాకు, ఊదా నుంచి మసక నీలానికి మారి, రెండో గంట ముగిసేసరికి మురికి గోధుమ రంగులో నిలిచింది. ఇది మీరు వంటింట్లో చూడొచ్చు. నేరేడు రసం రెండు గ్లాసుల్లో పోసి ఒకదాంట్లో నిమ్మరసం, రెండోదాంట్లో చిటికెడు వంట సోడా వేయండి, కాసేపు ఆగి చూడండి. ఆంథోసయనిన్లు పులుపులో ఎర్రగా, స్థిరంగా ఉంటాయి. పులుపు పోతే ఆకారం మార్చుకుని విరిగిపోవడం మొదలవుతుంది. మన చిన్నపేగులో పులుపు ఉండదు. కాబట్టి నేరేడు రంగులో ఎక్కువ భాగం రంగుగా రక్తంలోకి చేరదు.

ఇది విని నిరాశ పడొద్దు, కథ అక్కడ ఆగదు. విరిగిన ముక్కలు వ్యర్థం కావు. 2013లో ఇంగ్లండులో ఒక ప్రయోగం చేశారు. ఆంథోసయనిన్ అణువులో కార్బన్‌కు ప్రత్యేకమైన గుర్తు పెట్టి, ఎనిమిది మంది మగవాళ్లకు 500 మిల్లీగ్రాములు ఇచ్చి, ఆ గుర్తు ఎక్కడెక్కడ తేలుతుందో వెదికారు. మూత్రంలోనూ, వదిలిన ఊపిరిలోనూ కలిపి 12 శాతానికి పైగా కనిపించింది. అసలు అణువుగా దొరికింది అతి స్వల్పం, దాని నుంచి పుట్టిన చిన్న చిన్న ఆమ్లాలే ఎక్కువ. అంతకు ముందు ఒక్క శాతం కూడా అందదని అనుకునేవాళ్లం. ముక్కలుగా అందుతుందని తేలింది.

మిగతాది పెద్దపేగుకు చేరుతుంది. నా దృష్టిలో అసలు విందు అక్కడే జరుగుతుంది. పండు పీచుకు గట్టిగా అంటుకున్న పాలీఫినాల్స్‌ను మన ఎంజైములు విడదీయలేవు. అవి పీచుతో పాటే పెద్దపేగుదాకా ప్రయాణం చేస్తాయి. అక్కడి బ్యాక్టీరియా పీచును తింటూ వాటిని విడిపిస్తుంది, తన అవసరానికి మార్చుకుంటుంది. ఉసిరి, దానిమ్మ, నేరేడుల్లో ఉండే ఎల్లాజిటానిన్లు అనే ఒక రకం టానిన్లను యూరోలిథిన్లు అనే చిన్న అణువులుగా మార్చేది ఆ బ్యాక్టీరియానే. ఆ అణువులే రక్తంలోకి వెళతాయి. అందరి పేగులోనూ ఆ బ్యాక్టీరియా ఒకేలా ఉండదు. కొందరిలో యూరోలిథిన్లు బాగా తయారవుతాయి, కొందరిలో అసలు తయారవవు. ఒకే పొడి, ఒకే చెంచా, ఇద్దరికి రెండు రకాల ఫలితం. అందుకే "మా పక్కింటాయనకు పనిచేసింది" అన్న మాటలో అబద్ధం ఉండకపోవచ్చు, అయినా అది మీకూ వర్తిస్తుందని చెప్పలేం.

ఎండబెట్టడం వల్ల ఇక్కడ ఒక మేలు కూడా ఉంది. ఎండేటప్పుడు కణాల గోడలు ముడుచుకుని పగులుతాయి, పొడి కొడితే ఇంకా చితుకుతాయి. తాజా పండును సరిగ్గా నమలకుండా మింగితే లోపల చిక్కుకుపోయేవి, పొడిలో సులువుగా బయటికి వస్తాయి. మొత్తం తక్కువున్నా విడుదలయ్యే వంతు ఎక్కువ ఉండే సందర్భాలు ఉన్నాయి. జ్యూస్ తీసి పిప్పి పారేస్తే మాత్రం పెద్దపేగుకు వెళ్లవలసిన వంతు చెత్తబుట్టకు వెళుతుంది. నేరేడును గుజ్జు, తొక్క కలిపి ఎండబెట్టండి, వడగట్టకండి. రంగు ఎక్కువ తొక్కలోనే ఉంటుంది.

కెరోటినాయిడ్లకు దారి పూర్తిగా వేరు. అవి నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. పేగులో పైత్యరసం కొవ్వును సన్నని బిందువులుగా చేస్తే, ఆ బిందువుల్లోకి ఎక్కి గోడ దాటుతాయి. కొవ్వు లేకపోతే దిగకుండా వెళ్లిపోతాయి. భోజనం చివర పెరుగన్నంలో మామిడిపండు పిండుకుని తినే అలవాటులో ఇంత సంగతి ఉంది. బొప్పాయి ఈ విషయంలో చాలా మంచిది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో మనుషులకు క్యారెట్, టమాటా, బొప్పాయి పెట్టి చూస్తే, బొప్పాయిలోని బీటా కెరోటిన్ మిగతా రెంటికన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువగా అందింది. మొత్తం ఎంతుందన్న దానికన్నా అది కణంలో ఏ రూపంలో దాగి ఉందన్నది ముఖ్యం. బొప్పాయిలో అది సన్నని ద్రవ స్ఫటికాలుగా ఉంటుంది, క్యారెట్‌లో పెద్ద గట్టి స్ఫటికాలుగా.

ఆత్రేయపురం వైపు మామిడి తాండ్ర చేసేచోట చాపల మీద రసం పోసి, ఎండాక దాని మీద ఇంకో పొర, ఇలా రోజుల తరబడి పోస్తారు. రుచి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. కెరోటినాయిడ్ల పరంగా మాత్రం సూటిగా తగిలే ఎండ వాటికి శత్రువు. అదే తాండ్రను వెలుతురు సూటిగా తగలని సోలార్ డ్రయ్యర్‌లో చేస్తే పసుపు రంగు ఎక్కువగా నిలుస్తుంది. మీరు మామిడి కూడా మొదలుపెడదామని అన్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ప్యాకెట్ల మీద పెద్ద పెద్ద అంకెలు వేసేవాళ్లు ఎక్కువగా వాడేది పరీక్ష నాళికలో కొలిచిన "యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యం". ఊదా రంగు ద్రావణం పసుపుగా మారే వేగమో, ఇనుము రూపం మారడమో చూసి లెక్క కడతారు. అమెరికా వ్యవసాయ శాఖ ఓరాక్ అనే ఇలాంటి కొలతతో వందలాది ఆహారాలకు పట్టిక తయారుచేసి, 2012లో దాన్ని తమ వెబ్‌సైటు నుంచి తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఒంట్లో జరిగేదానికీ సంబంధం తేలలేదని, వాటిని అమ్మకాలకు వాడుకుంటున్నారని స్పష్టంగా చెప్పింది. ఎండబెట్టినప్పుడు ఈ కొలత ఇంకా పక్కదారి పట్టిస్తుంది. చక్కెర, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి గోధుమ రంగు పదార్థాలు పుడతాయి. వాటికీ నాళికలో యాంటీ ఆక్సిడెంట్ గుణం కనిపిస్తుంది. మాడే దశకు దగ్గరైన పొడికి మంచి పొడికన్నా ఎక్కువ అంకె వచ్చిన సందర్భాలు నేను చూశాను. ఒంట్లో కూడా ఇలాంటి మాయే ఉంది. యాపిల్ తిన్నాక రక్తంలో యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యం పెరుగుతుంది. 2004లో పరిశోధకులు లోతుగా చూస్తే, ఆ పెరుగుదల యాపిల్ పాలీఫినాల్స్ వల్ల కాదు, అందులోని ఫ్రక్టోజ్ వల్ల ఒంట్లో యూరిక్ ఆమ్లం పెరగడం వల్లని తేలింది.

దేనితో కలిపి తాగుతున్నామన్నదీ చూసుకోవాలి. 2023లో కాలిఫోర్నియాలో చేసిన ఒక ప్రయోగంలో ఫ్లేవనాల్స్ అనే ఒక రకం పాలీఫినాల్స్ ఇచ్చేటప్పుడు అరటిపండు స్మూతీతో ఇస్తే, క్యాప్సూల్ రూపంలో ఇచ్చినప్పటికన్నా రక్తంలో 84 శాతం తక్కువ కనిపించాయి. అరటిపండును నల్లబరిచే ఎంజైమే అందుకు కారణం. కోసిన కాయను నల్లబరిచేదని పైన చెప్పానే, అదే కుటుంబం. మీ పొడితో స్మూతీ చేసుకోమని కొనుగోలుదారులకు సలహా ఇస్తున్నారు కదా, అరటిపండు మాట అందులోంచి తీసేయండి. మజ్జిగలోనో, మామూలు నీళ్లలోనో కలుపుకోమనండి.

మీ నాన్నగారి సంగతి. నేరేడు పొడి తాగితే నష్టం లేదు. పీచు, టానిన్లు పేగుకు మంచివి, పెద్దపేగు బ్యాక్టీరియాకు మేత. కానీ షుగరుకు డాక్టరు రాసిన మాత్రకు అది బదులు కాదు. మాత్ర వేసుకుంటూనే పొడి తాగమనండి, పొడి మొదలుపెట్టాక షుగరు పరీక్ష అంకెలు ఎలా ఉన్నాయో డాక్టరుకు చూపించండి. మరుగుతున్న నీళ్లలో కాకుండా గోరువెచ్చటి నీళ్లలో కలపండి, ఒక చెక్క నిమ్మరసం పిండితే రంగు గ్లాసులో ఉన్నంతసేపు నిలుస్తుంది. కిస్‌మిస్, ఎండు ఖర్జూరం "ఆరోగ్యం" అని గుప్పెడు తినడం మాత్రం ఆయన తగ్గించుకోవాలి. ఎండితే చక్కెర కూడా చిక్కబడుతుంది. తాజా ద్రాక్ష 100 గ్రాముల్లో సుమారు 15 గ్రాముల చక్కెర ఉంటే కిస్‌మిస్‌లో 60 దగ్గర ఉంటుంది.

ఇక కార్తీకంలో కొత్త కాయ వచ్చేలోపు మీరు చేసుకోవలసినవి చెబుతాను. కాయను కాయగా ఆవిరి పట్టి, తొనలు విడదీసి, స్టీలు ట్రేలలో ఒక్క పొరగా పరిచి, పైన చెప్పిన రెండు అంచెల వేడిలో ఎండబెట్టండి. తొన విరిస్తే ఫట్‌మని విరగాలి, వంగకూడదు. వెంటనే పొడి కొట్టకండి, గాలి చొరబడని డబ్బాలో ముక్కలుగానే ఉంచి, ఆర్డరును బట్టి పొడి చేయండి. పొడికి గాలి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు ఎక్కువ. వెలుతురు చొరని అల్యూమినియం పొర ఉన్న సంచుల్లో ప్యాక్ చేయండి. పాత పద్ధతిలో ఒక ట్రే, ఈ పద్ధతిలో ఒక ట్రే పక్కపక్కనే చేసి, ఒకే తోట, ఒకే రోజు కోసిన కాయతో, రెంటినీ ఒకే ల్యాబుకు పంపండి. తాజా కాయను కూడా పంపండి. మూడింటికీ తేమ శాతం అడగండి, తేమ తీసేసిన బరువు మీద లెక్క కట్టమనండి. అప్పుడే మీ డ్రయ్యర్ ఏం నిలుపుతోందో మీకు తెలుస్తుంది. మూడు నెలలు నిలవ ఉంచిన ప్యాకెట్‌ను మళ్లీ ఒకసారి పంపండి. లేబుల్ మీద వేయవలసింది ఆ మూడో నెల అంకె, మొదటి రోజుది కాదు.

లేబుల్ మాట ఇలా రాయొచ్చు: "ఒక చెంచా పొడిలో, అంటే 3 గ్రాముల్లో, విటమిన్ సి 15 మిల్లీగ్రాములు. పీచు, ఉసిరి సహజ టానిన్లతో." పదిహేను స్థానంలో మీకు వచ్చిన అంకె వేసుకోండి. ఆహార ప్రకటనల మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం చెప్పే మాట నిజమై ఉండాలి, దానికి శాస్త్రీయమైన ఆధారం మీ దగ్గర ఉండాలి. ఆ రిపోర్టులు ఫైలులో పెట్టుకుంటే ఎవరు అడిగినా చూపించడానికి మీకు టెన్షన్ ఉండదు. కొత్త రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, తాజా కాయ అంకెతో కలిపి. లెక్క నేను చూసి చెబుతాను.